ప్రభుత్వ సేవల్లో బిహేవియరల్ సైన్స్: బెజవాడ, గుంటూరు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

సచివాలయాల్లో, కార్పొరేషన్‌లో పనిచేసేవాళ్ళు, పబ్లిక్ పాలసీ చదువుతున్న పిల్లలు, ఊరికే "ఈ నడ్జ్ గొడవేంటండీ" అని ఆరా తీసేవాళ్ళు పదేపదే అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాం. వరసగా చదవక్కర్లేదు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

అసలు బిహేవియరల్ సైన్స్‌కీ ప్రభుత్వానికీ సంబంధం ఏమిటి?

జీవో రాసేవాళ్ళ ఊహలో ఒక మనిషి ఉంటాడు. ఆయన పేపర్లో ప్రకటన చదువుతాడు, గడువు గుర్తుపెట్టుకుంటాడు, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, పాస్‌బుక్ జిరాక్సులు ఒక కవర్లో సర్దుకుని మొదటిరోజే వచ్చి నిలబడతాడు. అలాంటి మనిషి కృష్ణలంకలోనూ లేడు, బ్రాడీపేటలోనూ లేడు. ఉన్నదెవరంటే, పొద్దున్నే నాలుగిళ్ళలో పాచిపని చేసుకుని, పదకొండింటికి సచివాలయానికి వెళ్తే సర్వర్ డౌన్ అనిపించుకుని, రేపొద్దాంలే అనుకుని, రేపు పిల్లాడికి జ్వరం వచ్చి, చివరికి గడువు దాటిపోయాక గుర్తొచ్చే మనిషి. ఆవిడకి పథకం అక్కర్లేక కాదు, బద్ధకమూ కాదు. ఈ రెండో మనిషిని దృష్టిలో పెట్టుకుని ఫారం, నోటీసు, క్యూ, గడువు, మెసేజ్ తయారుచేయడమే ఇక్కడి పని. ఇలా బలవంతం లేకుండా, వద్దనే వీలు ఉంచుతూనే మనిషిని మెల్లగా ఒక పని వైపు తట్టడాన్నే నడ్జ్ అంటారు. మనుషులు నిజంగా ఎలా నిర్ణయాలు తీసుకుంటారు, ఎక్కడ వాయిదా వేస్తారు, పక్కవాళ్ళని చూసి ఏం చేస్తారు అన్నది మనస్తత్వశాస్త్రం, ఆర్థికశాస్త్రం చాలాకాలంగా గమనిస్తూనే ఉన్నాయి, దాన్ని కౌంటర్ దగ్గరికి తీసుకురావడమే కొత్త.

ప్రజల్లో అవగాహన లేకపోవడమే కదా అసలు సమస్య?

ప్రతి సమీక్షా సమావేశంలో ఈ మాట వినిపిస్తుంది, ఎందుకంటే ఈ మాట అంటే ఆఫీసులో ఎవరూ ఏమీ మార్చుకోనక్కర్లేదు. బ్యానర్ కట్టి బెంజి సర్కిల్ నుంచి ఒక ర్యాలీ తీసి ఫొటోలు పంపిస్తే పని అయిపోతుంది.

అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకి కాలేజీ ఫీజుకి ప్రభుత్వ సాయం ఉంది, కానీ దాని ఫారం చాంతాడంత. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆదాయపు పన్ను రిటర్ను వేయించుకోవడానికి వచ్చిన కుటుంబాల్లో కొందరికి అక్కడికక్కడే కూర్చోబెట్టి ఆ ఫారం నింపిపెట్టారు. ఇంకొందరికి "మీకు ఇంత సాయం వస్తుంది" అని సమాచారం మాత్రమే ఇచ్చి పంపారు. ఫారం నింపిపెట్టిన కుటుంబాల్లో కాలేజీలో చేరి చదువు కొనసాగించిన పిల్లల శాతం దాదాపు 8 పాయింట్లు పెరిగింది. సమాచారం మాత్రమే ఇచ్చిన చోట చెప్పుకోదగ్గ మార్పే లేదు. అంటే ఆ రెండో గుంపుకి అవగాహన పూర్తిగా ఉంది, అయినా పని జరగలేదు. ఈ సంగతి తెలిశాక కూడా అవగాహన సదస్సులకే బడ్జెట్ పెడుతుంటే ఏమనుకోవాలి?

ఇదంతా ఎక్కడ మొదలైంది?

క్లుప్తంగా: డేనియల్ కానెమన్‌కి 2002లో, రిచర్డ్ థేలర్‌కి 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది ఇలాంటి పనికే. ప్రభుత్వం లోపలే దీనికోసం ఒక జట్టు పెట్టుకున్నది బ్రిటన్, 2010లో, డేవిడ్ కామెరాన్ ప్రధానిగా ఉన్నప్పుడు. 2015లో ఒబామా అమెరికా ప్రభుత్వ శాఖలన్నీ దీన్ని వాడాలని ఉత్తర్వు ఇచ్చాడు. మన దేశంలో 2019 జులైలో పార్లమెంటు ముందు పెట్టిన ఆర్థిక సర్వేలో ఒక అధ్యాయం మొత్తం దీనిమీదే ఉంది, ఆ తర్వాత నీతి ఆయోగ్‌లో ఒక విభాగం కూడా వచ్చింది.

మన దగ్గర ఎవరైనా చేసి చూశారా?

చేశారు, అదీ ప్రపంచమంతా ఉదహరించే స్థాయిలో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని జిల్లాల్లో 2010 నుంచి ఉపాధి హామీ కూలి డబ్బులు, పింఛన్లు వేలిముద్ర స్మార్ట్‌కార్డుల మీద ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, ఏ మండలంలో ముందు, ఏ మండలంలో తర్వాత అన్నది లాటరీ తీసి నిర్ణయించారు. 8 జిల్లాలు, దాదాపు 1.9 కోట్ల జనాభా. (మన కృష్ణా, గుంటూరు జిల్లాలు అందులో లేవు. అనంతపురం, కడప, నెల్లూరు, విజయనగరం లాంటివి ఉన్నాయి.) ముందు కార్డులు వచ్చిన మండలాల్లో ఉపాధి హామీ డబ్బు పక్కదారి పట్టడం 41 శాతం తగ్గింది, కూలి త్వరగా చేతికొచ్చింది, లబ్ధిదారుల్లో 90 శాతం పైగా పాత పద్ధతికన్నా ఇదే నయమన్నారు. ఇది మనస్తత్వం కన్నా టెక్నాలజీ కథ కదా అంటే, నిజమే. కానీ ముందు లాటరీ తీసి పోల్చి చూడడం అనే అలవాటు ప్రభుత్వానికి ఎంత విలువైనదో దీనికన్నా మంచి ఉదాహరణ లేదు.

రెండోది తెలంగాణ, 2018, రైతుబంధు చెక్కులు. కొన్ని మండలాల్లో వ్యవసాయ అధికారులకి ముందే ఒక మాట చెప్పారు: చెక్కు అందిందా, ఎప్పుడు అందింది అని రైతులకి ఫోన్ చేసి కనుక్కుంటాం అని. అంతే. ఆ మండలాల్లో పంపిణీ మెరుగుపడింది. బిహేవియరల్ సైన్స్ అనగానే అందరూ జనం ప్రవర్తన మార్చడం గురించే మాట్లాడతారు, కౌంటర్‌కి అవతల కూర్చున్నవాళ్ళ ప్రవర్తన కూడా ప్రవర్తనే.

ఇంటిపన్ను నోటీసులో నాలుగు మాటలు మారిస్తే జనం కట్టేస్తారా?

అందరూ కట్టేయరు, కొందరు కడతారు. బ్రిటన్ పన్నుల శాఖ బకాయిదారులకి పంపే ఉత్తరాల్లో ఒక వాక్యం చేర్చి చూసింది. దేశంలో పదిమందిలో తొమ్మిదిమంది సకాలంలో పన్ను కడతారు, ఇంకా కట్టని అతి కొద్దిమందిలో మీరొకరు, అని దాని సారాంశం. మామూలు ఉత్తరం కన్నా ఇది అందుకున్నవాళ్ళు ఎక్కువమంది కట్టారు. అదనపు ఖర్చు దాదాపు సున్నా.

అయితే దీన్ని యథాతథంగా ఇక్కడ దింపొద్దు. మీ డివిజన్‌లో నిజంగా పదిమందిలో తొమ్మిదిమంది కట్టకపోతే ఆ మాట అబద్ధమవుతుంది, ఎదురింటాయన కట్టలేదని అందరికీ తెలుసు కూడా. పోనీ "మన నగరంలో సగంమంది పన్ను ఎగ్గొడుతున్నారు, సిగ్గుచేటు" అని రాస్తే ఇంకా నష్టం, ఎందుకంటే చదివినవాడికి "ఓహో, సగంమంది కట్టట్లేదా, మరి నేనెందుకు కట్టడం" అనిపిస్తుంది. అరిజోనాలో ఒక జాతీయ పార్కులో ఇదే జరిగింది, చాలామంది శిలాజ కలప ఎత్తుకుపోతున్నారు అని బోర్డు పెడితే దొంగతనం ఇంకా పెరిగింది.

అంతకన్నా ముందు చూడాల్సింది నోటీసునే. మనకొచ్చే నోటీసు ఇలా ఉంటుంది:

"పైన ఉదహరించిన ఆస్తికి సంబంధించి విధింపబడిన పన్ను మొత్తమును నిర్ణీత గడువులోగా చెల్లించని యెడల చట్టప్రకారము తగు చర్యలు గైకొనబడునని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

ఎంత, ఎప్పటిలోగా, ఎక్కడ? మూడూ ఆ వాక్యంలో లేవు, కింద పట్టికలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటాయి. దీని బదులు:

"మీ ఇంటిపన్ను ఈ ఏడాదికి రూ. 3,240. ఏప్రిల్ 30 లోపు మొత్తం కడితే 5 శాతం తగ్గింపు, అంటే మీకు రూ. 162 మిగులుతుంది. ఫోన్‌లో కట్టాలంటే ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి. ఆఫీసులోనే కడతానంటే మీ వార్డు సచివాలయానికి ఈ కాగితం ఒక్కటి తెస్తే చాలు."

ఆ 5 శాతం తగ్గింపు మన మున్సిపాలిటీల్లో ఉన్నదే, కొత్తగా ఇచ్చేదేమీ కాదు. కానీ రూపాయల్లో రాస్తే కనిపించేంత బాగా శాతంలో రాస్తే కనిపించదు. "ఈ కాగితం ఒక్కటి తెస్తే చాలు" అన్న మాట ఇంకా ముఖ్యం. ఏం తీసుకెళ్ళాలో తెలియక ఆగిపోయేవాళ్ళు మనం అనుకునేదానికన్నా ఎక్కువ.

ఇక్కడే ఒక చేదు నిజం కూడా చెప్పాలి. మార్చి వచ్చేసరికి పాత బకాయిల మీద వడ్డీ రాయితీ ప్రకటించడం మన దగ్గర కొత్త కాదు. వసూళ్ళు ఒక్కసారిగా పెరుగుతాయి, నిజమే. కానీ ఏప్రిల్‌లో బుద్ధిగా కట్టినాయన దాన్ని చూసి ఏం నేర్చుకుంటాడు? వచ్చే ఏడాది ఆగి చూద్దాం అనే. ఎంత అందమైన నోటీసు రాసినా ఈ పాఠం ముందు నిలవదు.

చలానాలు పెంచితే సరిపోదా? భయం ఉంటేనే జనం మాట వింటారు.

బందరు రోడ్డు మీద కాసేపు నిలబడి చూడండి. హెల్మెట్ మోచేతికో, ట్యాంకు మీదో ఉంటుంది, సిగ్నల్ దగ్గర కానిస్టేబుల్ కనపడగానే తలమీదకి వస్తుంది, దాటగానే దిగిపోతుంది. అంటే భయం పనిచేస్తోంది, కాకపోతే పోలీసు కంటబడే ఆ కాస్త దూరం వరకే. వెయ్యి రూపాయల జరిమానాని రెండువేలు చేస్తే ఆ దూరం పెరగదు. పట్టుబడతాం అన్న నమ్మకం పెరిగితే పెరుగుతుంది.

జరిమానా ఎదురుతిరిగిన సందర్భాలూ ఉన్నాయి. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్ళే తల్లిదండ్రులకి డేకేర్ వాళ్ళు చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యం తగ్గాల్సింది పోయి పెరిగింది. అంతకుముందు పంతులమ్మకి ఇబ్బంది అని మొహమాటపడేవాళ్ళు, ఇప్పుడు డబ్బు కడుతున్నాం కదా అనే ధీమా వచ్చింది. తర్వాత జరిమానా తీసేసినా పాత మొహమాటం తిరిగిరాలేదు.

ఇంకో మాట. వాయిదాకి రానివాళ్ళంతా ఎగ్గొట్టేవాళ్ళు కారు. న్యూయార్క్‌లో చిన్న నేరాలకి ఇచ్చే కోర్టు సమన్ల కాగితం మార్చి, తేదీ, చోటు, రాకపోతే ఏమవుతుంది అన్నవి పైనే పెద్దగా వేస్తే గైర్హాజరు 13 శాతం తగ్గింది, ముందురోజుల్లో ఫోన్‌కి మెసేజీలు పెడితే 21 శాతం తగ్గింది. వారెంట్ల దాకా పోయిన ఆ కేసుల్లో కొన్నిటికైనా కారణం మతిమరుపే అన్నమాట.

పేదవాళ్ళు డబ్బు విషయంలో తప్పుడు నిర్ణయాలు తీసుకుంటారు కాబట్టే పేదరికం, అంటారు. నిజమేనా?

తమిళనాడులో చెరకు రైతుల మీద చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. అదే రైతుకి కోతకి ముందు, చేతిలో డబ్బు ఆడనప్పుడు ఒకసారి, కోత తర్వాత డబ్బు చేతికొచ్చాక ఒకసారి బుద్ధికుశలతకి సంబంధించిన పరీక్షలు పెట్టారు. కోతకి ముందు ఫలితాలు స్పష్టంగా తక్కువ వచ్చాయి. మనిషి అతనే, చదువు అదే, మారింది జేబు ఒక్కటే. డబ్బు టెన్షన్ బుర్రలో చోటు తినేస్తుంది.

మిర్చి పండించే ఇళ్ళలో పుట్టినవాళ్ళకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. విత్తనాలకీ పురుగుమందులకీ కమీషన్ ఏజెంటు దగ్గర తెచ్చిన అప్పు నెత్తిమీద ఉండగా, కౌలు కాగితం సంగతి, పంట నమోదు సంగతి, బీమా ప్రీమియం సంగతి అన్నీ ఆ నెలల్లోనే వచ్చి పడతాయి. అదే రైతు గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు (బస్తాలు) అమ్మి డబ్బు చేతికి తీసుకున్న వారం ఎంత తేలిగ్గా ఉంటాడు! వచ్చే ఏడాదికి ఏదైనా పొదుపు చేయించాలన్నా, ఫారం మీద సంతకం పెట్టించాలన్నా ఆ వారమే పట్టుకోవాలి. కెన్యాలో సరిగ్గా ఇదే చేశారు, పంట అమ్ముకున్న వెంటనే వచ్చే సీజన్ ఎరువు డబ్బు కట్టించుకుని, ఎరువుని ఉచితంగా ఇంటికి చేరవేస్తామంటే వాడకం బాగా పెరిగింది. ధర తగ్గించలేదు, అడిగే సమయం మార్చారు.

టీకాలకి పప్పు ఇవ్వడం లంచం కాదా?

రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లా సంగతి అడుగుతున్నారు. మామూలు ఊళ్ళలో పిల్లలకి టీకాలన్నీ పూర్తయింది 6 శాతం. ప్రతి నెలా తప్పకుండా జరిగే క్యాంపు పెట్టిన ఊళ్ళలో 18 శాతం. క్యాంపుతో పాటు వచ్చిన ప్రతిసారీ కిలో పప్పు, అన్నీ పూర్తయితే స్టీలు కంచాలు ఇచ్చిన ఊళ్ళలో 39 శాతం. ఎక్కువమంది రావడంతో ఒక్కో బిడ్డకి అయ్యే ఖర్చు పప్పుతో కలిపి కూడా తగ్గింది. ఈ పని చేసినవాళ్ళలోని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలకి 2019లో మైకేల్ క్రెమర్‌తో పాటు నోబెల్ వచ్చింది. టీకా మీద వ్యతిరేకతతో రానివాళ్ళు పప్పు కోసం రారు. ఎలాగూ వేయిద్దామనుకుని ఒక రోజు కూలి పోతుందని వాయిదా వేసేవాళ్ళు వస్తారు. దీన్ని లంచం అంటే మరి పింఛను రోజున ఇంటికొచ్చి డబ్బులివ్వడాన్ని ఏమనాలి?

ఇది జనాన్ని తెలియకుండా ఆడించడం కాదా?

కావచ్చు. అందుకే ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి: మీరు చేస్తున్నది ఇబ్బంది లేకుండా అందరికీ బాహాటంగా చెప్పగలరా? వద్దనుకున్నవాళ్ళు ఒక్క నిమిషంలో బయటపడగలరా? రెండింటికీ అవును అని వస్తే పర్లేదు.

ఇంట్లో పాస్‌బుక్ తీసి చూడండి. మే, జూన్ ప్రాంతంలో 20 రూపాయలో, 436 రూపాయలో పోయినట్టు ఉంటుంది. ఒకటి ప్రమాద బీమా, ఇంకొకటి జీవిత బీమా, రెండూ 2015లో మొదలైన కేంద్ర పథకాలు. ఒకసారి సంతకం పెడితే ఏటా దానంతట అదే రెన్యువల్ అవుతుంది. ప్రతి ఏడూ వెళ్ళి కట్టమంటే చాలామంది మానేస్తారు కాబట్టి ఈ ఏర్పాటు తెలివైనదే. కానీ ఆ 20 రూపాయలు దేనికి పోయాయో ఇంట్లో ఎవరికీ తెలియకపోతే, రేపు ఏదైనా జరగరానిది జరిగినప్పుడు 2 లక్షలకి క్లెయిమ్ ఎవరు వేస్తారు? డబ్బు తీసుకోవడాన్ని ఆటోమేటిక్ చేసి, ఇవ్వడానికి మాత్రం ఫారాలు నింపమంటే అది నడ్జ్ కాదు, తెలివిగా చేసిన అన్యాయం. ఏటా డబ్బు కట్ అయిన రోజు నామినీ ఫోన్‌కి కూడా తెలుగులో ఒక మెసేజ్ పంపిస్తే ఎంత ఖర్చవుతుంది?

ఇప్పుడన్నీ వాట్సాప్‌లోనే వస్తున్నాయి కదా, ఇంకా ఫారాల గొడవెందుకు?

2025 జనవరిలో 161 సేవలతో "మన మిత్ర" అనే రాష్ట్ర ప్రభుత్వ వాట్సాప్ సేవ మొదలైంది, తిరుగుడు తగ్గించే ఏ ప్రయత్నమైనా మంచిదే. కాకపోతే కాగితం మీద ఉన్న గందరగోళాన్ని ఫోన్‌లోకి ఎక్కిస్తే అది ఫోన్‌లో ఉన్న గందరగోళం అవుతుంది. "మీ దరఖాస్తు పెండింగ్‌లో ఉంది" అని మెసేజ్ వస్తే, ఎవరి దగ్గర, ఎందుకు, నేనేం చేయాలి అన్నవి లేనంతకాలం మనిషి మళ్ళీ సచివాలయానికే వస్తాడు, ఈసారి ఫోన్ చేత్తో పట్టుకుని. స్మార్ట్‌ఫోన్ లేని మామ్మగారి సంగతి మరీను. మనవడు హైదరాబాద్‌లో ఉంటే ఓటీపీ అక్కడికి పోతుంది.

నిజంగా పనిచేస్తుందా, లేక ఇదంతా హైపా?

రెండూ. అమెరికాలోని రెండు నడ్జ్ జట్లు ప్రభుత్వ శాఖలతో కలిసి చేసిన 126 ప్రయోగాలు, మొత్తం 2.3 కోట్ల మంది, వీటన్నిటినీ కలిపి చూసిన పరిశోధన 2022లో వచ్చింది. సగటున ఫలితం 1.4 శాతం పాయింట్లు. అదే యూనివర్సిటీ పత్రికల్లో అచ్చయిన ప్రయోగాల సగటు 8.7. తేడా ఎందుకంటే, బాగా వచ్చినవే అచ్చవుతాయి, రానివి సొరుగులో ఉండిపోతాయి. 1.4 అంటే తీసిపారేసేది కాదు, ఒక ఉత్తరం ఖర్చుతో లక్షమందిలో 1,400 మంది అదనంగా కదిలారంటే లాభమే. కానీ ఎవరైనా వచ్చి మీకు 30 శాతం పెంచి చూపిస్తామని పవర్‌పాయింట్ వేస్తే టీ ఇచ్చి పంపించేయండి.

మోసాలూ జరిగాయి. ఫారంలో నిజమే చెబుతున్నానన్న సంతకం చివర్లో కాకుండా పైనే పెట్టిస్తే జనం అబద్ధాలు తక్కువ చెబుతారని 2012లో ఒక ప్రసిద్ధ పత్రం వచ్చింది, ప్రభుత్వాలు కూడా నమ్మాయి. తర్వాత చేసిన ప్రయోగాల్లో ఆ ఫలితం రాలేదు, పైగా అందులోని డేటాలో కల్పించిన అంకెలు ఉన్నాయని బయటపడి 2021లో ఆ పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. నిజాయితీ మీద రాసిన పత్రానికే ఆ గతి!

మా సచివాలయంలో బడ్జెట్ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఒక దరఖాస్తు తీసుకుని, మీకేమీ తెలియనట్టు, దరఖాస్తుదారు వెనకాలే మొదటి నుంచి చివరిదాకా నడవండి. ఎన్నిసార్లు రావాల్సి వచ్చింది, ఏ జిరాక్స్ రెండుసార్లు అడిగారు, ఎక్కడ "రేపు రండి" అన్నారు, అన్నీ రాసుకోండి. జిరాక్స్ షాపాయనతో కూడా మాట్లాడండి, ఏ ఫారంలో ఏ గడి దగ్గర అందరూ ఆగిపోతారో ఆయనకి తెలిసినంత ఆఫీసర్లకి తెలియదు.

తర్వాత ఒక్కటే మార్చండి. బియ్యం కార్డు ఈకేవైసీకి రమ్మని చెప్పే మెసేజ్ అనుకోండి. కార్డు నంబరు చివరి అంకె సరిసంఖ్య అయినవాళ్ళకి పాత మెసేజ్, బేసి సంఖ్య అయినవాళ్ళకి కొత్తది పంపండి. రెండు వారాల తర్వాత ఏ మెసేజ్‌కి ఎంతమంది వచ్చారో లెక్కపెట్టండి. పాత మెసేజే బాగుందని తేలితే అదీ ఒక ఫలితమే, దాచొద్దు. ఒక వార్డులో పాతది, ఇంకో వార్డులో కొత్తది పెట్టి పోల్చడం మాత్రం అంత మంచిది కాదు, పటమటకీ పాతబస్తీకీ తేడా మెసేజ్ వల్ల వచ్చిందో ఊరి తీరు వల్ల వచ్చిందో చెప్పలేం.

దేనికి పనికిరాదు?

డాక్టరు పోస్టు ఖాళీగా ఉన్న ఆస్పత్రిలో ఓపీ చీటీ ఎంత అందంగా డిజైన్ చేసినా రోగం తగ్గదు. మిర్చి ధర పడిపోతే రైతుకి కావలసింది ధర, ప్రోత్సాహకర మెసేజ్ కాదు. చెత్త బండి రోజూ రాని వీధిలో తడి, పొడి వేరు చేయమని చెప్పడం, వేరు చేసి ఇచ్చినవాళ్ళ కళ్ళముందే రెండూ ఒకే బండిలో కలిపేయడం ఇంకా ఘోరం, మర్నాటి నుంచి ఆ ఇల్లాలు వేరు చేయదు, చేయకూడదు కూడా. డబ్బు, మనుషులు, సరుకు పెట్టాల్సిన చోట పోస్టర్లు పెట్టడానికి దీన్ని సాకుగా వాడితే ఈ శాస్త్రానికే చెడ్డపేరు.

నేను ఉద్యోగిని కాదు, మామూలు మనిషిని. నేనేం చేయగలను?

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే పీజీఆర్ఎస్‌లో (ప్రజల ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమంలో) అర్జీ ఇచ్చేటప్పుడు "నా పని కావట్లేదు, న్యాయం చేయండి" అని ఆపేయకండి. ఏ తేదీన ఏ కౌంటర్‌కి వెళ్ళారు, ఏ కాగితం అడిగారు, ఏ మెసేజ్ వచ్చింది, దానిలో ఏ మాట అర్థం కాలేదు, వరసగా రాయండి, వీలైతే మెసేజ్ స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి జతచేయండి. మీ పేరు మీద ఉన్న పని ఎలాగూ చూస్తారు. పనిలోపనిగా ఏ మెట్టు దగ్గర జనం ఆగిపోతున్నారో కూడా ఫైల్లోకి ఎక్కుతుంది.